చివరగా ముట్టుకున్నవాళ్ళు

ఫోను బల్ల మీద బోర్లా పెట్టినా ఊరుకోలేదు. గుర్రు గుర్రుమంటూ జరుగుతూ జరుగుతూ కాఫీ కప్పు దాకా వచ్చింది. పొద్దున్నే నాకు మాట్లాడే ఓపిక ఉండదు, వినే ఓపిక అసలే ఉండదు. ఈమధ్య నిద్ర లేవగానే అలసటగా ఉంటోంది. రాత్రంతా ఎవరో నాచేత మూటలు మోయించి, తెల్లారగానే మంచం మీద పడేసి పోయినట్టుంటుంది. అయినా తప్పదు కదా అని ఫోను తిప్పి చూశాను.

తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు, ఎప్పుడో ఒకసారి పలకరించి మాయమైనవాళ్ళు, అందరూ పంపింది ఒకటే లింకు. నొక్కితే మా ప్లగిన్ ఫైలు తెరుచుకుంది. మధ్యలో ఒక లైను పసుపు రంగులో మెరుస్తోంది. దాని పక్కన చిన్న అక్షరాల్లో నా పేరు ఉంది.

"ఇది నువ్వేనా?" అని ఒకరు రాశారు. "సిగ్గు లేదా?" అని ఇంకొకరు. మూడో ఆయన ఏమీ రాయకుండా దణ్ణం పెడుతున్న బొమ్మ పంపాడు. ఆ బొమ్మకే ఎక్కువ ఒళ్ళు మండింది.

మాది ఇంటి వ్యాపారం. క్లినిక్‌ల వెబ్‌సైట్లకి తగిలించే ఒక చిన్న ప్రోగ్రాం, ప్లగిన్ అంటారు, అదే మా బతుకుతెరువు. రోగి సైటులోకి వచ్చి పేరు, ఫోను నంబరు, ఒంట్లో ఏం బాగాలేదో రాసి, టైము ఎంచుకుంటే అది డాక్టరుగారికి చేరుతుంది. అంతే దాని పని. రాసింది వదిన. ఆవిడకి తోడు నేను. క్లినిక్‌లకి ఫోన్లు చేసి, వాళ్ళు తిట్టినా నవ్వుతూ మాట్లాడేది అన్నయ్య. ముందు గదిలో రెండు బల్లలు, రెండు కుర్చీలు, ఒక ఫ్యాను. ఫ్యాను గాలి వదినకి తగిలాక మిగిలితే నాకొస్తుంది.

ఇలాంటి ప్లగిన్లన్నీ దొరికే పెద్ద సైటు ఒకటుంది. అక్కడ పెట్టాలంటే లోపల రాసిందంతా లోకానికి చూపించాల్సిందే. ఎవరైనా సరే, ఏమీ డౌన్‌లోడ్ చేసుకోకుండా, బ్రౌజర్‌లోనే ఫైలు తెరిచి చదువుకోవచ్చు. లైను నంబరు మీద నొక్కితే ఆ లైను పసుపు రంగులోకి మారుతుంది. పైనున్న అడ్రసు కాపీ చేసి పంపితే, తెరిచినవాళ్ళు నేరుగా ఆ లైను ముందుకే వచ్చి వాలతారు. ప్రతి లైను పక్కనా ఒక పేరుంటుంది. అది రాసినవాళ్ళ పేరని అందరూ అనుకుంటారు. నిజానికి ఆ లైనుని చివరగా ముట్టుకున్నవాళ్ళ పేరది.

ఆ ఫైలుని చివరగా ముట్టుకుంది నేనే. కొన్ని నెలల కిందట వదిన, "బుజ్జీ, ఆ ఫైలు చూస్తుంటే కళ్ళు పోతున్నాయే, కాస్త సర్దెయ్యవూ" అంది. కొన్ని లైన్లు లోపలికి, కొన్ని బయటికి, చీకట్లో చెప్పులు విడిచినట్టు ఎలా పడితే అలా ఉండేవి. నేను ప్రతి లైను ముందూ ఉన్న ఖాళీ సరిచేసి అన్నిటినీ ఒక తీరుకి తెచ్చాను. ఒక్క అక్షరం మార్చలేదు. కానీ కాస్త జరిపినా ముట్టుకున్నట్టే లెక్క. దాంతో మొదటి లైను నుంచి చివరి లైను దాకా నా పేరే పడింది. అప్పుడు ఇద్దరం చూసి నవ్వుకున్నాం కూడా. "ఇదంతా నీదే ఇక, ఏలుకో" అంది వదిన.

ఇప్పుడు ఆ ఏలుబడి నా మెడకి చుట్టుకుంది. ఫోటో బదులు కళ్ళజోడు బొమ్మ పెట్టుకున్న పెద్దమనిషి ఎవరో ఊసుపోక మా ఫైలు తెరిచి చదివాడు. చదివి, అందులో ఒక లైను రోగి రాసిన ప్రతి ఫారానికీ రెండో ప్రతి తీసి ఇంకెక్కడికో పంపుతోందని కనిపెట్టాడు. ఆ లైను లింకు అందరికీ పంచుతూ, "రోగుల గుట్టు ఎవరికో చేరవేస్తున్నారు చూడండి. రాసినవాళ్ళ పేరు పక్కనే ఉంది" అని రాశాడు. ఆయన్ని తప్పు పట్టలేను. ఆ లైను నిజంగానే తప్పు లైను. నేను రాయలేదు, అంతే.

వదిన తల తుడుచుకుంటూ వచ్చింది. "ఇది చూడు వదినా" అని స్క్రీను ఆవిడ వైపు తిప్పాను.

చూసింది. తువ్వాలు పట్టుకున్న చెయ్యి జుట్టులోనే ఆగిపోయింది. "నీ పేరుందే" అంది.

తన కుర్చీలో కూర్చుని, తల ఆరకుండానే ఆ లైను తీసేసి కొత్త వెర్షన్ పెట్టేసింది. పని దగ్గర ఆవిడ చెయ్యి మహా చురుకు, ఆ మాట ఎవరైనా ఒప్పుకోవాలి. ఏం మార్చామో రాయాల్సిన చోట, "అనవసరమైన లైను తొలగించబడింది" అని రాసింది. ఎవరు పెట్టారో లేదు, ఎవరు తీశారో లేదు. లైను దానంతటదే వచ్చి, దానంతటదే సిగ్గుపడి వెళ్ళిపోయినట్టుంది.

ఇంతలో ఆ పెద్ద సైటు పరిశీలకుల నుంచి నాకు మెయిలొచ్చింది. వాళ్ళు మర్యాదగానే రాశారు, కానీ ఆ మర్యాద చూస్తేనే భయం వేసింది. ఆ లైను ఎందుకు రాశారో సాయంత్రం ఆఫీసు మూసేలోగా చెప్పండి, సరైన సంజాయిషీ లేకపోతే ఆ లైను రాసినవారి ఖాతా మూసేస్తాం అని దాని సారాంశం.

నాకు డిగ్రీ లేదు. మధ్యలో మానేశాను, దానికి కారణాలు బోలెడు, ఇప్పుడు అవన్నీ తవ్వే ఓపిక లేదు. నాకున్న సర్టిఫికెట్టల్లా ఆ ఖాతా. ఇన్నేళ్ళలో నేను రాసింది, సరిచేసింది, ఎవరెవరికో సాయం చేసింది, అంతా ఆ ఒక్క పేజీలో ఉంది. కిందటి వారమే లైబ్రరీల ఆఫీసులో వెబ్‌సైట్లు చూసుకునే ఉద్యోగానికి ఆ పేజీ లింకే పంపాను. చూశాం, బాగుంది, మాట్లాడదాం రండి అన్నారు. ఫ్యాను కింద నాకంటూ ఒక కుర్చీ ఉండబోతోందని మొదటిసారి అనుకున్నాను. ఆ ఖాతా మూసేస్తే ఆ పేజీ ఉండదు, దాని బదులు "తొలగించబడిన సభ్యులు" అని వస్తుంది.

ముందు నా మీద నాకే అనుమానం వచ్చింది. నిద్రమత్తులో ఏమైనా చేశానా అని. వదిన లైను తీసేసినా పాత ప్రతులు సైటులో అలాగే ఉంటాయి. పొద్దున వచ్చిన లింకులో ఫైలు పక్కన 'దీనికి ముందు' అని ఒక మీట ఉంటుంది. అది నొక్కితే నేను సర్దకముందు ఫైలు ఎలా ఉండేదో కనిపిస్తుంది. ఆ మీట ఎవరికీ పట్టదు. పొద్దున్నుంచి నన్ను తిట్టినవాళ్ళలో ఒక్కరూ దాన్ని నొక్కినట్టు లేదు. నొక్కాను. అదే లైను, వంకరగా, లోపలికి జరిగి ఉంది. పక్కన వదిన పేరు.

తల తిప్పి చూశాను. వదిన నాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. జుట్టు నుంచి నీళ్ళు కారి జాకెట్టు తడిసిపోయింది. ఆవిడకి తెలుసు. పొద్దున చూడగానే తెలిసింది. ఫైలు రాసిన చెయ్యి ఆ లైనుని మర్చిపోతుందా?

ఆ లైనుకి పైన వదినే రాసుకున్న చిన్న వివరణ ఒకటుంది. 'ఫారాలు దారి తప్పుతున్నాయి, పరీక్ష కోసం ఒక ప్రతి ఇక్కడికి.' ప్లగిన్ పెట్టిన కొత్తలో ఫారాలు క్లినిక్‌లకి చేరక తల ప్రాణం తోకకొచ్చిన రోజులు నాకూ గుర్తే. ఎక్కడ పోతున్నాయో కనిపెట్టడానికి ఒక మెయిల్ డబ్బా తెరిచి, ప్రతిదాని కాపీ అందులోకి వచ్చేలా పెట్టింది. ఫారాల జబ్బు కుదిరింది. లైను తీయడం మర్చిపోయింది. ఇందులో కుట్ర ఏమీ లేదు. కుట్ర చెయ్యాలంటే ఓపిక ఉండాలి, అంత ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఆ డబ్బా తెరిచాను. పాస్‌వర్డ్ వెతుక్కోనక్కరలేదు, మా ఇంట్లో అన్నిటికీ ఒకటే. నిండిపోయి, ఇంక పట్టక, ఎప్పుడో ఆగిపోయింది. ఒక్కటీ తెరిచి చదివింది కాదు, అన్నీ వచ్చినవి వచ్చినట్టే ఉన్నాయి. పై వరసలో కనబడ్డవి చూసి గబుక్కున మూసేశాను. మూత్రంలో మంట అని ఒకరు. మా ఆయనకి తెలియకుండా రావాలి, సాయంత్రం వద్దు అని ఒకావిడ. నిద్రపట్టి నెలయింది డాక్టరుగారూ అని ఇంకొకరు. నన్ను తిట్టినవాళ్ళందరి కోపం అప్పుడు నాకు అర్థమైంది. వాళ్ళు మొగుడికి తెలియకుండా రావాలన్న ఆ రోగి తరఫున తిడుతున్నారు. తిట్టాల్సిందే.

అయినా అప్పుడే ఏమీ అనలేదు. వదినే చెబుతుందిలే అనుకున్నాను. ఈ పని అంటే ఏమిటో తెలియని రోజుల్లో పక్కన కూర్చోబెట్టుకుని నాకు నేర్పింది ఆవిడే. నేను తప్పు చేస్తే, "ఏం పర్లేదు, తప్పు ఎక్కడుందో ముందు నువ్వే చెప్పు, తర్వాత సరిచేద్దాం" అనేది. అలాంటి మనిషి తనది తను చెప్పుకోదా?

మధ్యాహ్నం దాకా చూశాను. ఆవిడ ఒకసారి లేచి నీళ్ళు తాగింది. ఒకసారి లోపలి గదిలోకి వెళ్ళి అన్నయ్యతో ఏదో మాట్లాడింది, తలుపు దగ్గరగా వేసింది. తిరిగి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "తిన్నాక చూద్దాంలే" అంది.

భోజనాల దగ్గర అన్నయ్య ఫోను పక్కన పెట్టి కూర్చున్నాడు. అది ఎన్నడూ లేదు. అప్పుడే అర్థం కావాల్సింది.

"నువ్వొక్క మెయిలు రాసేయ్ బుజ్జీ, గొడవ వదిలిపోతుంది" అన్నాడు.

"ఏమని రాయను?"

"నాదే పొరపాటు అని. ఎలాగూ అక్కడ నీ పేరే ఉందిగా."

"అది నేను రాయలేదన్నయ్యా."

"ఎవరు రాశారని నేనడిగానా? ఒక ఇంట్లోవాళ్ళం, ఎవరు రాస్తే ఏంటి?" కంచంలో చెయ్యి పెట్టి కలుపుతూనే ఉన్నాడు, ముద్ద ఎత్తడంలేదు. "ప్లగిన్ ఉన్నది మీ వదిన ఖాతాలో. ఆ ఖాతా మూస్తే ప్లగిన్ పోతుంది. ప్లగిన్ పోతే ముగ్గురం రోడ్డున పడతాం. నీ ఖాతా పోతే నీ ఒక్కదానిదేగా పోయేది."

"మరి లైబ్రరీ ఉద్యోగం?"

"అదేమన్నా చేతికొచ్చిందా ఏంటి? అది కాకపోతే ఇంకోటి. నీకేం, చిన్నదానివి."

నాకు ముప్పై నాలుగేళ్ళు. ఇంట్లో చిన్నదాన్నైన పాపానికి చచ్చేదాకా చిన్నదాన్నే. వదిన వైపు చూశాను. ఆవిడ కంచం అంచు మీద పడిన మెతుకుని వేలితో లోపలికి తోస్తోంది. ఈ మాటలు అన్నయ్యవి అయినా, ఖాతాల లెక్క అన్నయ్యకి అంత బాగా తెలియదు. ఎవరు చెప్పించారో తెలుస్తూనే ఉంది. నాకు తిండి సహించలేదు. ఇద్దరూ నన్ను తినమని బలవంతం చేశారు, అది మరీ బాధేసింది.

తిరిగి బల్ల దగ్గరికి వచ్చి రాయడం మొదలుపెట్టాను. పంపాలని రాయలేదు. మా ఇద్దరిలో ఒకరు రాసింది ఇంకొకరు చదవందే బయటికి వెళ్ళకూడదన్నది వదిన పెట్టిన పద్ధతి. చాలా మంచి పద్ధతి. ఎన్నో తప్పులు వీధిలో పడకుండా ఆపింది. కాబట్టి ఇదీ ఆవిడ చదువుతుంది. చదువుతూ చదువుతూ మధ్యలో ఎక్కడో ఆగి, "వద్దు బుజ్జీ, ఇది నాది" అంటుంది. నాకు కావలసింది ఆ ఒక్క మాట. ఆ మాట అంటే నిజంగానే పంపేసేదాన్నేమో కూడా. అంత పిచ్చి ప్రేమ నాకు ఆవిడంటే.

రాసీ తుడిచీ, సాయంత్రమయ్యేసరికి ఇలా రాశాను: 'ఆ లైను రాసింది నేనే. మొదట్లో ఫారాలు దారి తప్పుతుంటే కనిపెట్టడానికి ఒక ప్రతి మా మెయిలుకి వచ్చేలా పెట్టాను. పని అయ్యాక పొరపాటున తీయడం మర్చిపోయాను. ఆ మెయిళ్ళు పొరపాటున కూడా ఎవరూ తెరవలేదు. క్షమించండి.'

"వదినా, ఒకసారి చూస్తావా?"

కుర్చీ నా పక్కకి లాక్కుంది. చదివేటప్పుడు ఆవిడకి పెదాలు కదిలించే అలవాటుంది. ఒకసారి చదివింది. మళ్ళీ మొదటికొచ్చి ఇంకోసారి చదివింది. ఇప్పుడు అంటుంది, ఇదిగో ఇప్పుడు అంటుంది.

"'పొరపాటున' రెండుసార్లు పడింది, ఒకటి తీసెయ్" అంది.

తీశాను.

"ఇక్కడ, 'మా మెయిలుకి' అనకు. 'నా మెయిలుకి' అను. 'మా' అంటే ఇంకెవరని అడుగుతారు."

నా చేతులు కదల్లేదు. ఆవిడే నా మీదుగా వంగి, ఆ ఒక్క అక్షరం మార్చింది. కిందా మీదా మరోసారి చూసుకుని, నేను ఏదైనా బాగా రాసినప్పుడు చేసినట్టే నా వీపు మీద మెల్లగా తట్టింది.

"బాగుంది. పంపెయ్."

ఏడుపొచ్చింది. కోపం రాలేదు, కోపానికి చాలా ఓపిక కావాలి. ఆవిడ చెడ్డది కాదు, అది నాకు తెలుసు. భయపడింది. భయపడి, తనకి బాగా వచ్చిన పని చేసుకుంటూ కూర్చుంది. నేను నా మీద వేసుకున్న నింద కూడా ఆవిడకి ఒక ఫైలులాగే కనబడింది, కాస్త సరిచేస్తే చాలు.

రాసిందంతా తుడిచేశాను.

"అదేంటి?" అంది.

పొద్దున అందరూ పంపిన లింకు తెరిచాను. 'దీనికి ముందు' నొక్కాను. లైను నంబరు మీద నొక్కాను. పసుపు రంగు వచ్చింది, పక్కన ఆవిడ పేరు వచ్చింది. ఇద్దరం పక్కపక్కనే కూర్చుని చూశాం. పైనున్న అడ్రసు కాపీ చేసి మెయిలులో పెట్టి, దాని కింద రాశాను: 'నేను ఆ తర్వాత ఖాళీలు మాత్రమే సర్దాను, పై లింకులో చూడవచ్చు. పరీక్ష కోసం పెట్టిన లైను ఇది, తీయడం మర్చిపోయారు. దురుద్దేశం లేదు. ఆ మెయిల్ డబ్బా ఎవరూ తెరవలేదు, ఇవాళ తెరిచింది నేనే. దాన్ని ఖాళీ చేసి క్లినిక్‌లన్నిటికీ మేమే చెబుతాం.'

"చదువు వదినా. పంపుతున్నాను."

చదివింది. పెదాలు కదిలాయి. ఈసారి ఏ మాటా మార్చమనలేదు.

"బుజ్జీ, ఒక్కసారి ఆగు. మీ అన్నయ్యని రానీ."

"అన్నయ్య రాయలేదుగా ఇది."

పంపేశాను. కాసేపటికే జవాబు వచ్చింది, అటు కూర్చున్నవాళ్ళకీ ఇంటికి వెళ్ళే తొందర ఉన్నట్టుంది. అందింది, మీ ఖాతాకి ఇబ్బంది లేదు, లైను రాసినవారి ఖాతా విషయం రేపు చూసి చెబుతాం అన్నారు. నా పేజీ తెరిచి చూసుకున్నాను. ఉంది. సంతోషం వస్తుందేమోనని చూశాను, రాలేదు.

వదిన కుర్చీ వెనక్కి జరిపి మొహం చేతుల్లో పెట్టుకుంది.

"మరి నా గతేంటే?" అంది. "ప్లగిన్ గతేంటి? నా గురించి ఒక్క క్షణమన్నా ఆలోచించావా నువ్వు?"

"పొద్దున్నుంచీ నీ గురించే ఆలోచించాను వదినా" అన్నాను. "నువ్వు నా గురించి ఎప్పుడు ఆలోచిస్తావా అని సాయంత్రం దాకా చూశాను."

ఆవిడ అప్పుడు ఏడ్చింది. లోపలి నుంచి అన్నయ్య, "ఏమైంది? పంపేసిందా?" అని అడుగుతున్నాడు. ఆవిడని ఓదార్చే ఓపిక నాకు లేదు, లేచి బయటికి పోయే ఓపికా లేదు. అలాగే పక్కన కూర్చుని, క్లినిక్‌ల వాళ్ళకి రాయాల్సిన మొదటి ఉత్తరం మొదలుపెట్టాను.